తాత ఎనక్కెందుకు తిరిగాడు?

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. ఆ రోజు మా తాత ఎటునుంచి ఎటు నడిచాడన్నది మా ఇంట్లో ఇప్పటికీ తెగని లెక్క.

చిలకలపూడి మాలపల్లె నుంచి ఆరుగురు ముఠాగా కోడూరు వైపు కోతలకెళ్లారు. పాండురంగడి తిరునాళ్లకి వచ్చేస్తానని మా నాన్నకి చెప్పి వెళ్లాడంట తాత. నాన్నకప్పుడు ఏడేళ్లు. శనివారం తెల్లారేసరికి గాలీ వానా పట్టుకున్నాయి. పనులు ఆగిపోయి ముఠా అంతా తడుసుకుంటూ అవనిగడ్డ చేరింది. తాతా చేరాడు. పులిగడ్డ దాటితే ఇంటి దారే. అక్కడ "మీరు పదండి, నేనొస్తా" అని మళ్లీ కోడూరు దారి పట్టాడు. అంటే సముద్రం వైపు. దారిలో ఒకామె మంచినీళ్లు పోసిందంట. అంతే, ఆ తర్వాత చూసినవాళ్లు లేరు. సాయంత్రానికి ఉప్పెన.

ఎందుకు తిరిగాడు? కొడవలి మర్చిపోయాడని ముఠాలో ఒకాయన. గొడ్లకాడ ఉండిపోయిన పాలేరు పిల్లోడిని తీసుకురావడానికని ఇంకొకాయన. చిన్నప్పుడు నాకీ మాటే ఇష్టం. బడిలో అలాగే చెప్పుకునేవాణ్ణి. నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "కూలి గింజల కోసం ఎళ్లాడు. ఆసామి రేపు మాపు అన్నాడు. ఇంట్లో నూకల్లేవని ఆయనకి తెలుసు" అనేది.

పోయినవాళ్లు దాదాపు పదివేలని ఒక లెక్క, పధ్నాలుగు వేలని ఒక లెక్క. ఏ లెక్కలోనూ తాత లేడు. అక్కడడిగితే మా ఊరోడు కాదన్నారు. ఇక్కడడిగితే ఈ ఊళ్లో పోలేదు కదా అన్నారు. శవం లేదు, కాయితం లేదు. కాయితం లేదని నాయనమ్మకి పింఛనూ ఇవ్వలేదు.

ఏడేళ్లు ఏ కబురూ లేని మనిషిని చనిపోయినట్టే లెక్కవేయొచ్చని అప్పటి సాక్ష్యాల చట్టం, 108వ సెక్షన్. డిగ్రీ చదివేటప్పుడు అది నా కంటబడింది. మా ఇంట్లో చట్టం పుస్తకం తెరిచింది నేనే మొదలు. పరుగున వచ్చి చెప్పాను. అప్పటికి ముప్పై ఏళ్లు దాటాయి. నాయనమ్మ నులకమంచం మీంచి లేవకుండానే అంది:

"సచ్చాడని పుస్తకం చెప్పాలా నాయనా? ఎనక్కెందుకు తిరిగాడో ఉందా అందులో?"

ఆమె పోయాక, టీచరు ఉద్యోగం వచ్చాక, తాత నడిచిన దారంట ఒకసారి వెళ్లాను. మెరక మీద ఊరు. పల్లంలో మనోళ్ల పల్లె. ఉప్పెన పూట డాబాలెక్కిన వాళ్లు కొందరు బతికారని, పల్లెలో గుడిసె ఒక్కటీ మిగల్లేదని అక్కడి ముసలాయన చెప్పాడు. ఏ పని మీద వచ్చినా తాత తల దాచుకోవాల్సింది ఆ పల్లంలోనే.

కొడవలికో, పిల్లోడికో, గింజలకో నేనిప్పటికీ తేల్చుకోలేదు. మనోళ్ల పల్లె ఆ పల్లంలో ఎందుకుందో మాత్రం నాకు తెలుసు.