భాషానిలయములో ఒక సాయంకాలము

హైదరాబాదు నగరమున కోఠీ కూడలి దాటి సుల్తాన్ బజారులో ప్రవేశించిన వానికి, బట్టల దుకాణముల పిలుపులును వాహనముల మ్రోతలును చెవులు గింగురుమనిపించుచుండగా, ఆ కోలాహలమునకు కూతవేటు దూరముననే తెలుగువారి విద్యాచరిత్రలో మిక్కిలి గణుతికెక్కిన నిలయ మొకటి కలదని తోచుట కష్టము. గ్రంథాలయ వారోత్సవముల దినములలో ఒక కథారచయిత్రి తన క్రొత్త సంపుటమును గూర్చి పాఠకులతో ముచ్చటింపనున్నదని విని, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు వెళ్ళితిని.

సభకు ఇంకను వ్యవధి యుండుటచే పఠనమందిరమున కూర్చుంటిని. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులును, ఒకే దినపత్రికను పుటలుగా విడదీసి పంచుకొనిన వృద్ధులును అచటనుండిరి. వారిని చూచుచున్న నా మనస్సు ఆ సంస్థ పుట్టుకమీదికి పోయెను.

1901 సెప్టెంబరు 1వ తేదీన, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ప్రభృతుల పూనికతో, రావిచెట్టు వారి యింటనే ఈ నిలయము వెలసినది. నాటి నిజాము రాజ్యమున ఏ యితర భాషకన్నను ఎక్కువమంది మాతృభాష తెలుగైనను, బడులలోను కచేరీలలోను దానికి తగిన తావు లేకుండెను. 1921 నవంబరులో మహర్షి కర్వే అధ్యక్షతన, ఈ నగరముననే వివేకవర్ధని విద్యాసంస్థలో జరిగిన సంఘసంస్కార సభయందు అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప నిలువగా, కొందఱు కేకలు వైచియు చప్పట్లు చఱచియు ఆయనను మాటాడనీయరైరి; ఆ అవమానమునుండియే తెలుగువారి సంస్థయగు ఆంధ్రజనసంఘము పుట్టినది. అదే యేట భాషానిలయమునకు సొంత భవనము సమకూరుట నాకు మిక్కిలి అర్థవంతముగా తోచును. ఇక, నిజాము సర్కారు అనుమతి లేనిదే బహిరంగసభ జరుపరాదను గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు సంగతి ప్రసిద్ధమే. అట్టి ఆంక్షలలోను ఒంటరిగా కూర్చుండి పుస్తకము చదువుకొనువానిని ఎవరును ఆపలేరు. కాని తెలుగువాడు తన భాషలో నిలుచుండి మాటాడుటకును, నలుగురు చేరి వినుటకును ఒక కప్పు కావలసియుండెను. ఆ కప్పు గ్రంథాలయమే. మాడపాటి హనుమంతరావుగారివంటి నాయకులు ఈ భాషానిలయమునకు కార్యదర్శులై పరిశ్రమించుటలోని మర్మమిదియే.

సభ ఆరంభమైనది. రచయిత్రి ఉపన్యసింపలేదు, ఎండిపోయిన బావిని పూడ్చివేయు రైతు కథనొకదానిని మెల్లగా చదివి, పుస్తకము మూసి, అడుగవలసినది అడుగుడని కూర్చున్నది. కొంతసేపెవరును పలుకరైరి. పిమ్మట వెనుక వరుసనుండి, మధ్యాహ్నమే ఆ సంపుటమును చదివి ముగించితినని చెప్పిన ఒక పెద్దమనిషి లేచి, "అమ్మా, బావి పూడ్చినంక ఆయన ఊరు విడిచిండా, లేదా? మీరు చెప్పకనే ఆపేసిన్రు" అనెను.

"విడిచిండని రాస్తే మా నాయన ఒప్పుకోడు సార్. ఆ బావి మాదే" అని ఆమె బదులిడెను.

అంతట సభ యంతయు మాటాడసాగెను. ఒకరు తమ యూరి మోటబావిని, మఱియొకరు బోరులకై చేసిన అప్పును తలచిరి. ఒక విద్యార్థిని మాత్రము పట్టువిడువక, రైతు భార్యకు ఆ కథలో ఒక్క మాటయైనను లేదేమని నిలదీసెను. రచయిత్రి కొంత ఆలోచించి, అది లోపమే యని ఒప్పుకొన్నది. రచన ఎచట బలహీనమో రచయిత కెదురుగా చెప్పగల పాఠకులును, దానిని ఆదరముతో వినగల రచయితయు ఒక్కచోట కూడుట నేడెంత అరుదు! మన పుస్తకావిష్కరణ సభలు పెక్కింటిలో కాలమంతయు శాలువలకును స్తోత్రములకును చెల్లిపోవును. గ్రంథమును ముట్టని వక్తలు గ్రంథకర్తను పొగడుదురు. శ్రోతలకు ప్రశ్నించు వేళ మిగులదు. అట్టి సభలకు హాలు చాలును. చదివినవారును చదువగోరువారును కూడు సభకు మాత్రము ప్రక్కనే బీరువాలుండవలెను. సభ పఠనమున కొక అంగమై యుండవలెనని నేను గాఢముగా నమ్ముదును. గ్రంథాలయములకు ప్రభుత్వములు, దాతలు ఇచ్చు ధనములో క్రొత్త పుస్తకముల వంతుతోపాటు ఇట్టి గోష్ఠులకును ఒక వంతు నియతముగా ఏర్పడవలెను.

ఈ సభకు సందర్భమైన గ్రంథాలయ వారోత్సవములను మన దేశమున నవంబరు 14 మొదలు 20 వఱకు జరుపుటకు మూలము, గ్రంథాలయోద్యమ నాయకులు అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషిచే 1919 నవంబరు 14వ తేదీన మద్రాసున జరిగిన అఖిలభారత గ్రంథాలయ మహాసభ. పడవలపైకూడ పుస్తకములను పల్లెలకు చేర్చిన ఉద్యమము ఆ గ్రంథాలయోద్యమము.

సభ ముగిసినంతనే ఉద్యోగి యొకడు ఆ రచయిత్రి పూర్వరచనలను బీరువానుండి తీసి బల్లపై పేర్చెను. మొదటి సంపుటము ఒక్క ప్రతియే యున్నది. దానికై ఆ విద్యార్థినియు, ఆ పెద్దమనిషియు ఒకేసారి చేయి చాచిరి. "నువ్వే తీస్కో బిడ్డా, వారం లోపల తెచ్చియ్యి" అని ఆయన వెనుకకు తగ్గి, తరువాతి వంతునకు తన పేరు వ్రాసికొమ్మని ఉద్యోగితో చెప్పెను.