సిరాజ్ ఫోనుకొచ్చిన మెసేజ్

టోలిచౌకిలో క్రికెట్ ముచ్చట మొదలైతే చాయ్ మీద చాయ్ కావాల్సిందే. సిరాజ్ మనోడు మరి! ఆటో నడిపిన గౌస్ గారి కొడుకు ఇండియాకి కొత్త బంతి వేస్తున్నాడంటే, ఈ గల్లీల్లో టెన్నిస్ బాలు పట్టిన ప్రతి పోరగాడికీ అందులో వాటా ఉన్నట్టే.

అతని సంగతే ఒకటి చెప్తా వినండి. 2023 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. ఐపీఎల్ పందేల్లో డబ్బు పోగొట్టుకున్న ఒకతను జట్టు లోపలి కబురు చెప్పమని సిరాజ్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. పెద్ద బుకీ కూడా కాదు, హైదరాబాద్‌లోనే డ్రైవరట. ఇంకొకరైతే నంబర్ బ్లాక్ చేసి ఊరుకునేవారేమో. సిరాజ్ మాత్రం బీసీసీఐ అవినీతి నిరోధక విభాగానికి చెప్పేశాడు.

ఎందుకంటారా? ఆటగాడి మీద రూలు అంత గట్టిగా ఉంటుంది. తప్పు చేయక్కర్లేదు, చేయమని అడిగారన్న మాట దాచినా చాలు. బంగ్లాదేశ్ షకీబ్ అల్ హసన్‌కి 2019లో ఐసీసీ రెండేళ్ల నిషేధం వేసింది, అందులో ఒక ఏడాది శిక్షను పక్కన పెట్టింది. అతను మ్యాచ్ అమ్ముకోలేదు. బుకీ సంప్రదించిన సంగతి చెప్పలేదు, అంతే.

సరే, బాగుంది. మరి ఉప్పల్ స్టేడియం ఆఫీసు గదుల్లో ఈ రూలు ఏమైపోతుందండీ?

మన హైదరాబాద్ క్రికెట్ సంఘంలో లీగ్‌కి టీము దించేది క్లబ్బే, ఎన్నికల్లో ఓటు వేసేదీ క్లబ్బే. ఒకాయన చేతిలో నాలుగు క్లబ్బులున్నాయనుకోండి. నాలుగు ఓట్లతో పాటు, ఆ టీముల్లోని నలభై నాలుగు స్థానాల్లో ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో కూడా ఆయన దయే. చివరికి 2023లో సుప్రీంకోర్టే కలగజేసుకుని జస్టిస్ లావు నాగేశ్వరరావు గారిని పంపాల్సి వచ్చింది. ఆయన క్లబ్బుల జాబితా తిరగేసి 57 క్లబ్బులను ఓటింగుకి దూరం పెట్టారు. ఆ తర్వాత గెలిచిన అధ్యక్షుడు జగన్మోహన్ రావును 2025 జూలైలో సీఐడీ అరెస్టు చేసింది. పోటీకి నిలబడేందుకు క్లబ్బు కాగితాలు ఫోర్జరీ చేశారన్నది ఆరోపణ, తేల్చాల్సింది కోర్టు. ఫ్రీ పాసుల కోసం సంఘం వాళ్లు వేధిస్తున్నారని, మ్యాచ్ రోజు ఒక బాక్సుకి తాళం కూడా వేశారని అంతకుముందు మార్చిలోనే మన ఐపీఎల్ టీము సన్‌రైజర్స్ రచ్చకెక్కింది. సంఘమేమో అదేం లేదంది. కంచే చేను మేస్తోందేమోనన్న అనుమానం అభిమానికి రాకుండా ఎలా ఉంటుంది? 2022 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ కోసం జింఖానా గ్రౌండ్ దగ్గర తొక్కిసలాటలో నలిగిపోయింది ఆ అభిమానే కదా.

తీర్పుల ఆలస్యం మరో తలనొప్పి. మన ఇండియా మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ మీద మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణతో 2000 డిసెంబర్‌లో జీవితకాల నిషేధం పడింది. అది చెల్లదని హైకోర్టు చెప్పేసరికి 2012 నవంబర్ వచ్చింది. తప్పు చేశాడా లేదా అని మనోళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఆటగాడికో రూలు, పెద్దలకో రూలు అన్న గోడు మనదొక్కటే కాదు, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ అభిమానులదీ అదే. అక్కడ 2021 దాకా ఆటగాడు తన పేరు మీద పైసా సంపాదించినా రూలు తప్పినట్టే, కోచ్‌లకు మాత్రం లక్షల డాలర్లు. తీరా 2017 సెప్టెంబర్‌లో లంచాల కేసులో అసిస్టెంట్ కోచ్‌లను పట్టుకున్నది ఎఫ్‌బీఐ. ఆటకు కాపలా అని చెప్పుకునే సంఘం అప్పటిదాకా ఏం చేసినట్టు?

కాబట్టి నాదొక్కటే మాట. సిరాజ్‌కి పెట్టిన రూలే క్లబ్బు కార్యదర్శికీ పెట్టండి. ‘మావోణ్ని లీగ్‌లో ఆడించు, ఎంతైనా ఇస్తా’ అని ఎవరైనా అడిగితే అదే రోజు రాసివ్వాలి. దాచాడా, షకీబ్‌కి పడ్డట్టే రెండేళ్లు బయటికి. ఈ కాగితం మీద ముందు సంతకం పెట్టే కార్యదర్శి ఎవరో, మీకేమైనా తెలుసా?