అమ్మ తెచ్చిన మిక్సీ

ఈ వారం మా అమ్మ మిక్సీ గురించి.

చాగలమర్రి మాదిగవాడ నుంచి అమ్మ సౌదీకి పోయింది. ఆరేళ్లు ఎవరింట్లోనో గిన్నెలు తోమింది, మసాలాలు నూరింది. తిరిగొచ్చేటప్పుడు తనకోసం తెచ్చుకున్నది ఒక్కటే, ఆ ఇంట్లో వాడినట్లాంటి మిక్సీ. చూడ్డానికి వాడంతా వచ్చింది. ప్లగ్గు మన బోర్డులో పట్టలేదు. నాయన దాన్ని కోసేసి, వైర్లు గీకి, అగ్గిపుల్లలతో బిగించినాడు. స్విచ్ వేయంగానే ఒక్క అరుపు. పొగ, కమురు వాసన. అంతే.

ఆ ఏడే పెద్దోళ్ల వీధిలో ఒకాయన కువైట్ నుంచి మిక్సీ తెచ్చినాడు. ప్లగ్గు మారిస్తే చాలు, ఏళ్ల తరబడి తిరిగింది. ఆ ఇంటామె అమ్మతో నవ్వుతా అనింది: "దేనికైనా యోగ్యత ఉండాల మే."

అమ్మ ఆ మాట నమ్మింది. "నా రాతే అంత" అనుకునేది.

నేను డిప్లొమాలో చేరినాక అటక మీది మిక్సీ దించి, అడుగున లేబుల్ చదివినాను. 127 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కువైట్‌ది 240, 50. మనకు దగ్గర. సౌదీలో అప్పుడు ఇళ్లల్లో 127 ఉండేది. 230కి మారాలని 2010లో నిర్ణయించుకున్నారు. వోల్టేజీ 1.8 రెట్లయితే హీటరు కాయిల్‌లో వేడి దాని వర్గం, అంటే మూడింతలు దాటుతుంది. మోటారు చుట్టలూ అట్లే మాడతాయి. మధ్యలో తగిన వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుంటే ఆ మిక్సీ బతికేది.

తేడా వోల్టుల్లో ఉంది. మా ఊరు దాన్ని కులంలో వెతికింది.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా అంబేడ్కర్ చూసిన శాఖల్లో కరెంటు కూడా ఉంది. కరెంటు చౌకగా, అందరికీ అందాలని ఆయన వాదించినాడు. తీగ మా వాడకు వచ్చింది. లేబుల్ చదివి చెప్పే మనిషి రాలేదు.

విదేశాలకు పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఛార్జర్ మీద 100-240 అని ఉంటే ఎక్కడైనా పెట్టుకోండి. ఇక్కడి మిక్సీ అమెరికాకు తీసుకుపోతే అక్కడ 120 వోల్టులే, నీరసంగా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు.

లెక్కంతా అమ్మకు చెప్పినాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అయితే తప్పు నాది కాదా నాయనా?"

కాదమ్మా. ఎప్పుడూ కాదు.