క్లార్క్ కెంట్‌కి కిరాయి ఇల్లు

నల్లగండ్లలో చాయ్ తాగుతుంటే మా భాంజా, వాడి దోస్తులు బహస్ పెట్టారు. "సూపర్‌మ్యాన్‌కి ఇంత తాకత్ ఉంటే మజా ఏముంది మామూ? ఓడిపోడు, చావడు."

నిజమే. 1938లో వాడు ఎగిరేవాడు కాదు, దూకేవాడంతే. తర్వాత తాకత్ పెంచుకుంటూ పోయారు. 1986లో తగ్గించారు. 1992లో చంపి, మళ్లీ లేపారు.

నాకు నచ్చింది కళ్లద్దాల క్లార్క్ కెంట్. నాలాగే అఖ్బార్ నౌకరీ. కాల్-ఎల్ అన్న అసలు పేరు దాచుకుని బతుకుతాడు. వాణ్ని పుట్టించిన సీగెల్, షూస్టర్ వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. పేరు బరువు వాళ్లకు మాలూమే.

పోయిన నెల ఇక్కడే ఇల్లు చూశాను. నా తెలుగు విని ఓనరు ఖుష్. పేరు చెప్పాక, "ఇచ్చేశామండీ" అన్నాడు.

"క్రిప్టోనైట్ ఒక్కటే వాడి కమ్‌జోరీ మామూ!"

"హా బేటా" అన్నాను. ఇంటి సంగతి వాడికింకా చెప్పలేదు.