చేవ

మూడు దశాబ్దాలు పెనుకొండ ప్రాంతపు బడులలో తెలుగు చెప్పాను. ‘చేవ’ అన్న మాటకు బలం, సత్తువ, సామర్థ్యం అని అర్థాలు వ్రాయించి, చెట్టు నడిమి గట్టి భాగానికీ అదే పేరని ఒక ముక్క చేర్చి ఊరుకొనేవాణ్ణి. ఆ అర్థాన్ని చేతితో తాకి చూచినది మాత్రం మొన్న వేసవిలోనే.

మా మనుమడు ఎలెక్ట్రిక్ మాండొలిన్ ఒకటి స్వయంగా చేసుకోవాలని పట్టుబట్టాడు. పాలకొల్లులో 1969లో పుట్టి, ఆ వాద్యాన్ని కర్ణాటక సంగీత సభల కెక్కించి, 2014లో కన్నుమూసిన యు. శ్రీనివాస్ అంటే వాడికి ప్రాణం. “కట్టె చూసేదానికి నువ్వూ రా తాతా” అన్నాడు. హిందూపురంలో ఒక సామిల్లుకు వెళ్ళాం.

నాకు తెలిసిన వాద్యదారువు పనస ఒక్కటే. బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దును తొలిచి చేస్తారు. ఆ మాటే అన్నాను. “ఇందులో డొల్ల ఉండదు తాతా” అని వాడు వివరించాడు. ఉక్కుతీగ అయస్కాంతం దగ్గర కంపిస్తే, ఆ అయస్కాంతానికి చుట్టిన రాగితీగలో విద్యుత్తు పుడుతుంది. స్పీకరులో పలికేది అదే. కఱ్ఱను బట్టి నాదం ఎంత మారుతుందన్నది నేటికీ తెగని వాదం. అయితే తీగల లాగుడుకు మెడ వంగరాదనీ, ఎండకూ వానకూ మెలిపడరాదనీ అనడంలో వాదం లేదు.

“పచ్చికట్టె వద్దు సార్, ఎండేకొద్దీ వంగుతుంది. పాత ఇండ్లలోది ఏమన్నా ఉంటే చూడండి” అన్నాడు వడ్రంగి.

మనుమడు నా వంక చూశాడు. ధర్మవరంలోని మా పాత ఇంట్లో నాయన నేసిన గుంత మగ్గం ఉంది. దాని నిలువు కఱ్ఱలు టేకువి. 1940 ప్రాంతంలో అమెరికాలో లెస్ పాల్ నాలుగంగుళాల పైన్ దుంగకు తీగలు బిగించి, చూపు కోసం ఇరుపక్కలా గిటారు చెక్కలు తగిలించిన కథ చెప్పాడు. “మనకు నడుమ మగ్గం కట్టె, పక్కల పనస” అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. మగ్గం గుంతలో నుంచి లేచేటప్పుడు నాయన పట్టుకొనే చోట ఆ కఱ్ఱ అద్దంలా నునుపెక్కి ఉంది. చిన్నప్పుడు నేను నాడె ముట్టుకొంటే లాక్కొని, “నీకు బలపం చాలు” అన్న మనిషి. ఆయన చేతి గుర్తుగా నాకు మిగిలినది ఆ నునుపే.

అయినా ఒకసారి చూచి వద్దామని రైలెక్కాం. పెనుకొండ దాటేవరకు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఇల్లు తెరచి చూస్తే కఱ్ఱ మొదట్లో చెదలు. పై పొర పిండిపిండిగా రాలింది. లోపలి చేవను మాత్రం అవి ముట్టలేదు. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. చెదలు తినగా మిగిలినదానిని నేను దాచుకొని ఏం చేయాలి?

“తీసుకో నాయనా” అన్నాను.

వడ్రంగి చిత్రిక పట్టాడు. ముఖం సమంగా రావాలంటే ఆ నునుపు పోక తప్పదన్నాడు. నేను తల త్రిప్పుకొన్నాను. మళ్ళీ చూచేసరికి బంగారు వన్నె చేవ, ఒక్క పగులు లేదు. ఇన్నేళ్ళ తరువాత కూడా టేకు వాసన. చిత్రిక పొట్టు చిటికెడు జేబులో వేసుకొన్నాను.

తీగలింకా బిగించలేదు. మీ ఇండ్లలోనూ మూలబడిన దూలమో, స్తంభమో ఉంటే, పారవేసే ముందు ఒకసారి తట్టి చూడండి.