మిద్దె మీది నీరు

వంటింటి విషయమునను, పిల్లల పెంపకము విషయమునను మన గృహిణులు చూపు శ్రద్ధ ఇంటి కప్పు విషయమున చూపుట అరుదు. కప్పు మగవారి పనియనియు, కారినప్పుడు మేస్త్రిని పిలిచిన చాలుననియు మనలో ఒక తలంపు కలదు. కాని కారునీటి క్రింద గిన్నెలు పెట్టువారము మనమే. తడిసిన ధాన్యమును మరల ఎండబోయువారమును మనమే. కావున ఈ సంగతిని సోదరీమణులతో కొంత ముచ్చటింప దలచితిమి.

మాది రొళ్ల ప్రాంతము. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడువరకు ఇది అనంతపురము జిల్లాలోనిది. కన్నడదేశపు ఎల్లను ఆనుకొనియున్నది. అనంతపురపు సీమలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంత కొద్ది వానకు ఇంత భయమేల యని కోస్తా సోదరీమణులు నవ్వవచ్చును. నెలల తరబడి ఎండిన కప్పు నెఱియలు విచ్చియుండగా, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఒక్క రాత్రిలో దిగు వాన ఎట్టిదో మట్టిమిద్దెలో కాపురము చేసినవారికే తెలియును.

క్రొత్తగా కట్టువారందరు సిమెంటు కప్పులే వేయుచున్నారు గాని, పాత యిండ్లలో మట్టిమిద్దెలు ఇంకను కలవు. ఎల్లకు ఆవల వీనినే మాళిగె లందురు. దూలములపై దంతెలు, దంతెలపై రాతిపలకలో కంపలో, వానిపై మన్ను, అన్నిటికి పైన చవుడు. ఈ చవుడు చిత్రమైన వస్తువు. చేనిలో చవుడు తేలినచో పైరు రాదు. రైతు తల బాదుకొనును. అదే మన్ను మిద్దె మీద మనలను కాపాడును. దానిలోని క్షారమువలన తడి తగులగానే మట్టిరేణువులు విడి, ఉబ్బి, సందులన్నిటిని మూసివేయును. నీరు క్రిందికి దిగదు. గడ్డి గూడ దానిపై సులభముగా మొలవదు. ఏ పుస్తకమును చదువని మన పూర్వులు దీనినెట్లు కనుగొనిరో గాని, మెచ్చుకొనదగిన సంగతియే.

అయినను చవుడు జారిపోవు నీటికే అడ్డము. నిలిచిన నీటికి కాదు. ఒక యేడు మా యత్తగారి యింటిలో పసిబిడ్డ తొట్టె మీద ధారగా కారెను. మఱునాడు వచ్చిన మేస్త్రి ఇంకను నాలుగు బండ్ల చవుడు వేయవలెననెను. మా యత్తగారు ఒప్పుకొనక, "మన్ను తర్వాత పోద్దువులే మేస్త్రీ, ముందు తూము చూడు" అనిరి. చూడగా చింతపండు ఎండబోసిన నారయు, వేరుసెనగ పొట్టును, వేపాకును కలిసి తూము నోరు బిగిసియుండెను. పోవు దారిలేని నీరు గోడ వెంబడి నిలిచి, గోడలో దాగియున్న దూలపు మొనను నానబెట్టినది. ఇనుపకమ్మితో పొడువగా ఆ మొన రొట్టెవలె విరిగినది! ఆ రాత్రికి పిల్లలనందరిని పొరుగింటికి పంపి, మఱునాడే క్రింద ఆనుగుంజ నిలిపి, తరువాత దూలమును మార్పించితిరి. నాలుగు బండ్ల మన్ను ఆ దూలముపై పడియున్నచో ఏమగునో వ్రాయుటకు మాకు చేయి రాదు.

మన్ను బరువును మనవారు తలచుకొనరు. పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల గదిపై రెండంగుళముల మన్ను పరచిన సుమారు 700 కిలోలగును; తడిసిన ఇంకను ఎక్కువ. పాతదానిని గీకివేయక ఏటేట క్రొత్తది పోసినచో పదేండ్లకు ఆ దంతెలపై ఎంత భారముండునో లెక్కవేసికొనుడు.

మంచు కురియు దేశములలోను ఇదియే కథ. మన తెలుగు బిడ్డలు పలువురు అమెరికాలోని మిషిగను, మిన్నెసోటా వంటి శీతల రాష్ట్రములలో కాపురములు చేయుచున్నారు గదా. అచ్చటి వాలు కప్పులపై షింగిల్సు అను తారుపలకలను పరతురు. ఇంటిలోని వెచ్చదనము పైకి పోయి కప్పు నడిమి మంచును కరగించును. ఆ నీరు జారి, వెచ్చదనము సోకని చూరు కడ మరల గడ్డకట్టును. అట్లు చూరు పొడవున ఒక మంచుకట్ట లేచును. వెనుక వచ్చు నీరు దానిని దాటలేక నిలిచి, పలకల క్రిందికి ఎగదన్ని, ఇంటిలోనికి దిగును. అందుచేత మంచి పనివాండ్రు మొదట చూరునుండి వెలిగోడకు రెండడుగులు లోపలివరకు నీరంటని జిగురుపొరను అంటింతురు. దానిపై క్రిందినుండి పైకి, ఒక వరుసను మరియొకటి కప్పునట్లు, మేకు తల పై పలక క్రింద దాగునట్లు కొట్టుదురు. అటకలో వెచ్చదనము చేరకుండ దూదివంటి పొర పరచి, కప్పు క్రింద గాలి ఆడనిత్తురు. మన మంగళూరు పెంకుల మేస్త్రియు చూరునుండియే మొదలుపెట్టును. అచ్చట మంచు, ఇచ్చట వేపాకు. చేయు పని ఒక్కటే.

రోహిణికార్తెలో, మృగశిరకు ముందే, మిద్దెనెక్కి చూడవలయును. పాత చవుడు గుల్లయైనచోట గీకి, తీసినంతయే పోయింపవలయును. ఎలుకబొరియలను పైన మూసిన చాలదు. త్రవ్వి, తడిమన్నుతో దట్టించి మూయవలయును. తూము వైపునకు నాలుగడుగులకొక అంగుళమైనను వాలు ఉండవలయును. గవాచి చుట్టును గట్టు విరుగకుండ చూచుకొనవలయును. తూము కొన గోడకు దూరముగా నీటిని విడువని యెడల గోడయే తడిసి కూలును. హస్తకార్తెకు ముందు మరియొకసారి, పంటలు ఎండబోయుట ముగియగానే, ఊడ్చి తూమును కడుగవలయును. దూలములు గోడలో దూరుచోట మరకగాని, రాలిన మన్నుగాని కనబడిన ఆ గదిలో పిల్లలను పండుకొననీయరాదు.

సిమెంటు కప్పువారికి ఈ బాధలేదని తలంచుట పొరపాటు. నీరు పోవు గొట్టము మూసికొనినచో అచ్చటను నీరు నిలుచును. సన్నని నెఱియలగుండ దిగి లోపలి ఇనుపకమ్మికి త్రుప్పు పట్టించును. త్రుప్పు ఉబ్బి పెచ్చులూడును. మేము క్రొత్తగా కట్టుకొనిన యింటిపై గొట్టపు నోటికి చిల్లుల రేకు బిగించితిమి. దానిపై చేరిన ఆకును వారమునకొకసారి తీయుట మా చిన్నమ్మాయి వంతు.