కంచెయుఁ జేనును

రక్షకభటులను గూర్చి యాఁడువారు వ్రాయుట యేల యని మీలోఁ గొందఱకుఁ దోఁపవచ్చును. నిన్నమొన్నటి వఱకు నేనును నట్లే తలఁచితిని. మావారు బడిపంతులు. మాది గోదావరి కాలువ గట్టుననున్న చిన్న పల్లె. పోలీసుఠాణా గడప నేనెన్నఁడును ద్రొక్కి యెఱుఁగను. కాని గడచిన సంక్రాంతినాఁడు మా యింట జరిగిన యొక చిన్న సంగతి నాచేతఁ గలము పట్టించినది.

నా కడగొట్టు తమ్ముఁడు నాలుగేండ్ల క్రిందటఁ గానిస్టేబులు పనిలోఁ జేరెను. ఏడాదిగా మన్యమునందు, ఒడిశా పొలిమేర దారిలోని యొక చెక్కుపోస్టున నున్నాఁడు. ఆ దారుల వెంట గంజాయి దొంగచాటుగా దిగుచుండుటచే, వచ్చిపోవు బండ్లను సోదా చేయుట వారి పని. పండుగకు వచ్చి, మా పిల్లలతోఁ గలసి విస్తరి ముందు గూర్చుండి, కొండమీఁది ముచ్చటలు చెప్పసాగెను.

ఒకనాఁటి సాయంకాలము బస్సులో నొక కోయ స్త్రీ మూటతో వచ్చినదఁట. అందేమున్నదని వీరడుగఁగా నామె తన భాషలో నేదో చెప్పినది. వీరికిఁ దెలియలేదు. గద్దించిరి. ఆమె బెదరి, మూటను ఱొమ్మునకు హత్తుకొని వెనుకకు జరిగినది. దానితో ననుమానము బలపడి, యామెను దింపి మూట విప్పించిరి. అందున్నవి కాసిని చోళ్ళపిండియు, పాతచీరెతోఁ గుట్టిన రెండు పసిబొంతలును. కూఁతురు పురిటికై దిగువ యాసుపత్రిలో నున్నదఁట. ఆ సంగతి వీరికి బోధపడు సరికి బస్సు వెడలిపోయినది.

“చోళ్ళపిండిని జూచి మేమందఱము నొకటే నవ్వక్కా!” యని తమ్ముఁడు ముగించెను.

పదేండ్ల మా యమ్మాయి తలయెత్తి, “ఆమెకు మఱియొక బస్సు దొరకినదా, మామయ్యా?” యని యడిగినది.

వాఁడు విస్తరివైపు చూచుచు, “అదే కడపటి బస్సమ్మా” యనెను. తరువాత నేను వడ్డించిన బూరెను వాఁడు ముట్టలేదు.

మా తమ్ముఁడు దుష్టుఁడు కాఁడు. చీమను ద్రొక్కుటకు జంకువాఁడు. ఆ రాత్రి యరుఁగుమీఁదఁ గూర్చుండి, “శిక్షణములో మీకేమి నేర్పిరిరా?” యని యడిగితిని. తొమ్మిది నెలలు కవాతు, తుపాకి, చట్టములోని సెక్షనులు నేర్పిరఁట. “కోయమాట యొక్కటియైన నేర్పిరా?” యంటిని. “లేదక్కా. చీఁకటి పడిన పిదప నా దారిని మాకును భయమే. భయము వేసినప్పుడు గొంతు తానే పెద్దదగును” అనెను.

ఆ భయమునకుఁ గారణము లేకపోలేదు. మావోయిస్టులతోఁ బోరుటకై 1989లో మన ప్రభుత్వము గ్రేహౌండ్సు దళమును గూర్చి, యడవులలో మెలఁగు విద్యను వారికిఁ బ్రత్యేకముగా నేర్పించినది. అట్టి దళము వారే 2008 జూనులో బలిమెల జలాశయమునఁ బడవలోఁ బోవుచుండఁగా, దాడికి గుఱియై ముప్పదిమందికిఁ బైగా మరణించిరి. వారికిని తల్లులున్నారు, అక్కచెల్లెం డ్రున్నారు. అడవిలో నడచుట నేర్పినవారిని నేను దప్పుపట్టను. అడవిలోని మనుష్యులతో మాటలాడుట గూడ నంతే శ్రద్ధతో నేర్పవలదా యనియే నా ప్రశ్న.

మా తండ్రిగారు చిన్ననాఁడు నాకు శాకుంతలము పాఠము చెప్పిరి. అందాఱవ యంకమున నుంగరముతోఁ బట్టువడిన జాలరిని రక్షకభటులు కొట్టుచు, చావు తప్పదని బెదరించుచుఁ గొనిపోవుదురు. రాజు బహుమాన మిచ్చి విడువఁగానే యందు సగము వారికే ముట్టును. అందఱును గలసి కల్లుదుకాణమునకు నడతురు. నాఁడు చదివి నవ్వుకొంటిని. మొన్న మరల చదువఁగా నవ్వు రాలేదు. భారత సభాపర్వమున నారదుఁడు ధర్మరాజును బరిపాలనమును గూర్చి యడుగుచు, శాస్త్ర మెఱుఁగని యధికారులు లోభముచే నిరపరాధిని దొంగగా నెంచి శిక్షించుట లేదుగదా యని ప్రశ్నించును. శిక్షణమును, పర్యవేక్షణమును రెండును నా యొక్క ప్రశ్నలోనే యిమిడియున్నవి.

మన మన్యమున కీ కథ క్రొత్తదికాదు. చెన్నరాజధానిలోఁ బోలీసు చట్టము 1859లో వచ్చినది. ఇరువదియేండ్లు గడచునంతలో, 1879లో, రంప పితూరి చెలరేఁగినది. కల్లుమీఁది పన్నును, మన్సబుదారు నాగడములును, వానికిఁ దోడు పోలీసు జవానుల దోపిడియు నందుకుఁ గారణములు. కొండవారు మొట్టమొదటఁ బైఁబడినది చోడవరము పోలీసులమీఁదనే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి శ్రీరామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా ముట్టడించి తుపాకులను గొనిపోయెను. కొండజనులకు దొరతనము కనుపించిన రూపమే ఠాణా. అందుచేతనే వారి కోపమును ముందుగా ఠాణామీఁదనే పడినది.

ఇటీవలి సంగతి యింకొకటి చెప్పక తప్పదు. 2007 ఆగస్టులో పాడేరు ప్రాంతమునందలి వాకపల్లిలో, గాలింపునకు వచ్చిన పోలీసులు తమను జెఱచిరని పదునొకండుగురు గిరిజన స్త్రీలు మొఱపెట్టుకొనిరి. పదునైదేండ్లకుఁ బైగా గడచిన పిమ్మట, 2023 ఏప్రిలులో విశాఖపట్టణపు న్యాయస్థానము నిందితులను నిర్దోషులని విడిచిపెట్టినది. అయినను దర్యాప్తు సరిగా సాగలేదని యధికారులను దప్పుపట్టి, యా స్త్రీలకుఁ బరిహార మీయవలసినదని చెప్పినది. దర్యాప్తు చెడినచో, మొఱపెట్టినవారికిని న్యాయము దక్కదు, మోపఁబడినవారికిని మచ్చ తీఱదు. పర్యవేక్షణము లేనిచోట నిరువురును జెడుదురు.

చట్టము మనయెడ నిర్దయగా లేదు. 2024 జూలై 1 నుండి యమలులోనున్న నాగరిక సురక్షా సంహిత ప్రకారము స్త్రీ దేహమును స్త్రీయే, మర్యాదకు లోపము రాకుండ, సోదా చేయవలెను. సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వఱకు స్త్రీని నిర్బంధింపరాదు. తప్పనిసరియైనచో స్త్రీ యధికారి ముందుగా మేజిస్ట్రేటు ననుమతి పొందవలెను. సాక్ష్యము నడుగుటకై స్త్రీని ఠాణాకుఁ బిలువరాదు, ఆమె యింటికే రావలెను. ఈ కట్టడులలోఁ బెక్కులు పాతచట్టమునందును నున్నవే. పట్టుకొను నుద్యోగి తన పేరు స్పష్టముగాఁ గానవచ్చు బిళ్ళను ధరింపవలెనని సుప్రీముకోర్టు 1996లోనే శాసించినది. పోలీసులపై ఫిర్యాదులను విచారించుటకు రాష్ట్రమునను జిల్లాలలోను ప్రత్యేక సంఘములు వలయునని 2006లోను, ప్రతి ఠాణాలోను కెమెరా లుంచవలెనని 2020లోను ఆజ్ఞాపించినది. ఇన్ని యాజ్ఞలుండియు, ఘాటుదారి మలుపులోని యా చెక్కుపోస్టున నాఁడు సోదా చేయుటకు స్త్రీ కానిస్టేబులు లేదు, కోయభాష తెలిసినవాఁడును లేఁడు.

కంచె చేను మేయుట మనమెఱిఁగిన సామెతయే. కాని యా కంచెకుఁ గొట్టిన గుంజలు మన యిండ్లనుండి పోయినవే గదా! మన కొడుకులు, మన తమ్ములు, ఇప్పుడు మన కూఁతురులును నా చొక్కా తొడుగుచున్నారు. జీతమెంత, బదిలీ యెప్పుడని యడుగుదుము. ఈనాఁడెవరితో నెట్లు మాటలాడితివని యడుగము. ఆ ప్రశ్న వేయుటకు మనకుఁ గోర్టు ననుమతి యక్కఱలేదు. పై చట్టములను మన పనివారికి, పొరుగువారికిఁ జదివి చెప్పుటకును నక్కఱలేదు.

తమ్ముఁడు వెడలునపుడు మా యమ్మాయి తన బడిపుస్తకములలో వ్రాయక మిగిలిన దొకటి వానిచేతఁ బెట్టి, “కోయమాటలు వ్రాసికొమ్ము, మామయ్యా” యనినది. నెల గడచిన పిమ్మట వాఁడు ఫోనుచేసెను. దారిన పోవు బడిపిల్ల లిద్దఱు నేర్పఁగా నలువదిమాటలు వ్రాసికొన్నాఁడఁట. సోదా ముగియు వఱకు బస్సును గదలనీయవద్దని డ్రైవరులతోఁ జెప్పి యుంచిరఁట. స్త్రీ కానిస్టేబులును వేయుఁడని పైయధికారికి వ్రాసికొనిరఁట, ఇంకను రాలేదు.

“ఆమె మరల కనఁబడినదా?” యని యడిగితిని.

“లేదక్కా. కనఁబడినచో నేమనవలెనో యా మాట మాత్రము ముందుగా నేర్చుకొంటిని” అనెను.